క్రింద అంగడి, మీద ఇల్లు

సంఘ వార్షిక సంచికలయందు వంశవృత్తాంతములు, దాతల జీవితములు, శాసన విమర్శలు ప్రకటింపబడుట పరిపాటి. వాని నడుమ ఒక సామాన్యమైన కట్టడపు చరిత్రమును వ్రాయబూనుట కొందరికి వింతగ తోపవచ్చును. అయినను మన సోదరులలో వర్తకము జీవనముగ గలవారు పెక్కురు. పట్టణమున బజారువీధిలో 150 గజములో 200 గజములో స్థలము దొరకినచో, క్రింద రెండు మూడు మడిగెలు వేసి, మీది అంతస్తున తాము కాపురముండుటయో, అద్దెకిచ్చుటయో, లేక పరస్థలములనుండి చదువుకొనవచ్చిన పిల్లల వసతికై ధర్మముగ నొసగుటయో నేడు సర్వత్ర కనుపట్టుచున్నది. దేవాలయము గట్టువాడు ఆగమము తెలిసినవారి నడుగును. ఇల్లు గట్టువాడు వాస్తు నడుగును. ఈ అంగడియింటిని గట్టువాడు మాత్రము మేస్త్రీని దప్ప వేరెవ్వరిని అడుగుట మేము చూడలేదు. ఇట్టి కట్టడమునకు రెండువేల యేండ్ల చరిత్ర గలదు. అందలి మేలైన యేర్పాటులలో పెక్కులు గొప్ప అగ్నిప్రమాదముల పిమ్మట ఏర్పడినవే. ఆ చరిత్రమును, ముఖ్యముగ మీది అంతస్తునకు పోవు మెట్ల చరిత్రమును, ఇచ్చట కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

క్రింద అంగడి, మీద కాపురము గల కట్టడమును గూర్చి విస్పష్టమైన సాక్ష్యము నిచ్చు ప్రాచీన నగరములలో రోము ముఖ్యమైనది. అచ్చటి ధనికులు విశాలమైన సొంత యిండ్లలో నివసించుచుండగా, సామాన్యజనులు ‘ఇన్సులా’ లనబడు ఎత్తైన అద్దెయిండ్లలో ఉండెడివారు. వీధిప్రక్కన వరుసగ అంగళ్లు. వాని మీద అంతస్తు మీద అంతస్తుగ కాపురములు. స్థలము తక్కువ, అద్దె ఎక్కువ. కావున యజమానులు పైపైకి కట్టుచు పోయిరి. ఆగస్టసు చక్రవర్తి వీధులవెంబడి కట్టడములు 70 అడుగులకు మించరాదని శాసింపవలసివచ్చెను. ట్రాజను దానిని 60 అడుగులకు తగ్గించెను.

ఈ రెండు శాసనముల నడుమ క్రీ. శ. 64 జూలైలో రోము దగ్ధమయ్యెను. ఆ మంట పుట్టిన చోటు మనము గమనింపదగినది. పరుగుపందెముల మహాప్రాంగణము ప్రక్కన, త్వరగ అంటుకొను సరకులు నిలువచేసిన అంగళ్లలో అది పుట్టినదని చరిత్రకారుడు టాసిటసు వ్రాసెను. నగరమందలి 14 విభాగములలో 4 మాత్రమే చెక్కుచెదరక నిలిచెను, 3 నేలమట్టమయ్యెను. పిమ్మట నీరో చక్రవర్తి వీధులను వెడల్పుచేయించి, యిండ్ల యెత్తునకు హద్దు విధించి, కట్టడములందు కొంతభాగము దూలములు లేకుండ, నిప్పునకు తాళగల గాబీ, ఆల్బా ప్రాంతపు రాతితో కట్టవలెననియు, ఇరుగుపొరుగు ఇండ్లకు ఉమ్మడి గోడ కూడదనియు నియమించెను. అద్దెయిండ్ల ముందు స్తంభముల వసారాలు కట్టించుటకు తానే వ్యయము భరింతునని చెప్పెను. ఆ వసారా మీది చదునైన కప్పుపై నిలిచి మీది అంతస్తుల మంటలను ఆర్పవచ్చునని అతని యూహ. నీరోను గూర్చి లోకము చెప్పుకొను మాటలు వేరు. ఈ యేర్పాటు మాత్రము మెచ్చదగినదే. దీనికిని ఆక్షేపణ రాకపోలేదు. ఇరుకు సందులు, ఎత్తైన ఇండ్లు ఎండ పడకుండ కాచెడివనియు, ఇప్పుడు వీధులు బట్టబయలై మాడుచున్నవనియు కొందరు సణుగుకొనిరట. గుంటూరు ఎండలను ఎరిగిన మనకు ఆ సణుగుడు అర్థము కాకపోదు.

ఆ తరువాతి కాలపు కట్టడము లెట్లుండెనో రోముకు రేవైన ఓస్టియా శిథిలములలో నేటికిని చూడవచ్చును. అంగడి గడపరాతిలో ఒక పొడవైన గాడి గలదు. ఆ గాడిలో చెక్కపలకల నొకదాని ప్రక్క నొకటి దిగవేసి అంగడి మూసెడివారు. మన పాత బజారులలో సంఖ్యలు వ్రాసిన పలకలను వరుసతప్పక అమర్చి కొట్టు కట్టివేయుట చూచినవారికి ఆ గడపరాయి క్రొత్తది కాదు. లోపల ఒక మూల నాలుగైదు ఇటుక మెట్లు, వానిపై చెక్క నిచ్చెన. అది అటకకు దారి. అంగడివాడును అతని కుటుంబమును ఆ యటకపై పరుండెడివారు. ఇంతవరకు మన కొట్లకును ఆ కొట్లకును భేదమంతగ లేదు. భేదమంతయు మీది అంతస్తుల కాపురస్థుల దారిలో నున్నది. వారు అంగడిలోనుండి పైకి పోవువారు కారు. రెండంగళ్ల నడుమ, వీధిలోనికే నేరుగ తెరచుకొను ఇటుక మెట్లు వేరుగ నుండెను. అంగడి మూసియున్నను తెరచియున్నను, అందు నూనె యుండినను గడ్డి యుండినను, మీదివాడు తన మెట్లు దిగి వీధిన పడవచ్చును. అంగడి ముఖద్వారమున కొన్ని అడుగుల వెడల్పును మెట్లకై విడుచుట యజమానికి నష్టమే. అద్దెల విషయమున మిక్కిలి గట్టివారని పేరొందిన రోము యజమానులు కూడ ఆ నష్టమునకు ఓర్చిరి.

ఇక లండను. ఆ నగరమున 1666 సెప్టెంబరు 2వ తేదీ తెల్లవారకముందు పుడ్డింగు లేనను సందులో థామస్ ఫారినరను రొట్టెలవాని యింట నిప్పు పుట్టెను. క్రింద రొట్టెల పొయ్యి, మీద కుటుంబము. నిద్రలేచి చూచునప్పటికి క్రిందికి దిగు దారి లేకపోయెను. వారు మీది కిటికీగుండ వెలువడి ప్రక్కయింటికి దాటి బ్రతికిరి. పనికత్తె యొకతె భయపడి దాటలేకపోయెను. ఆ మహాప్రమాదమున మొదట మరణించినది ఆమెయే. నాలుగైదు దినములలో 13,200 ఇండ్లును, 87 చర్చీలును కాలిపోయినవని లెక్కవేసిరి.

మరుసటి సంవత్సరము, అనగా 1667లో, పునర్నిర్మాణ శాసనము వెలువడెను. ఇండ్లు నాలుగు తరగతులుగ విభజింపబడెను. ఏ వీధిలో ఎన్ని అంతస్తులు వేయవచ్చునో, గోడ మందమెంత యుండవలెనో నిర్ణయింపబడెను. వెలిగోడలన్నియు ఇటుకతోనో రాతితోనో కట్టవలెను. కాలిన యిండ్లకు అద్దె యెవరియ్యవలెను, తిరిగి కట్టు భారమెవ్వరిది యను తగవులకై ప్రత్యేక న్యాయస్థానమొకటి ఏర్పడి, న్యాయమూర్తులు ఉచితముగ కూర్చుండి, యజమానికిని అద్దెదారునకును నష్టమును పంచుచు తీర్పులు చెప్పిరి. పట్టణము త్వరగ లేచుటకు ఆ తీర్పులు మిగుల తోడ్పడినవి.

ఐనను ఆ శాసనమునందొక కొరత గలదు. నిప్పు ఒక యింటినుండి వేరొక యింటికి పాకకుండుటనే అది ముఖ్యముగ చూచినది. ఒకే యింటిలో క్రిందినుండి మీదికి పాకుటను గాని, మీదివారు క్రిందికి దిగు దారిని గాని అంతగ పట్టించుకొనలేదు. పుడ్డింగు లేనులో ఆ రాత్రి అసలు జరిగినది మాత్రము అదియే. ఆ కొరతను తీర్చిన మాటలు 1894వ సంవత్సరపు లండను భవన శాసనమున కానవచ్చుచున్నవి. కొంతభాగము వ్యాపారమునకును కొంతభాగము నివాసమునకును వాడబడుచు, వైశాల్యము వేయి చదరపు అడుగులకు మించిన ప్రతి కట్టడమునందును, ఆ రెండు భాగములను నిప్పునకు తాళు గోడలతోను అంతస్తులతోను వేరుచేయవలెను. నివాసభాగమునకు పోవు నడవలును మెట్లును మొదటినుండి చివరవరకు నిప్పునకు తాళు వస్తువులతోనే కట్టవలెను. ఒక రొట్టెలవాని యింట పనికత్తె మరణించిన 228 సంవత్సరములకు ఈ నియమమిట్లు వ్రాయబడినది. వేయి చదరపు అడుగులనగా సుమారు 111 గజములు. మన సభ్యులు నేడు కట్టుచున్న కట్టడములలో చాలవరకు ఆ కొలతకు మించినవే.

లండను మాట వచ్చినది గనుక, విద్యాధర్మములు నడుపు దాతలకు ప్రీతి కలిగించు మరియొక కట్టడమును స్మరింతము. సర్ థామస్ గ్రెషామను వర్తకుడు 16వ శతాబ్దమున రాయల్ ఎక్స్ఛేంజియను వర్తకసభామందిరమును స్వంతధనముతో కట్టించెను. దిగువ వర్తకులు కలిసికొను ప్రాంగణము. మీద సుమారు నూరు చిన్న అంగళ్లు. మొదట రెండు మూడేండ్లు మీది అంగళ్లు బాడుగకు పోలేదు. 1571 జనవరిలో ఎలిజబెత్తు రాణి చూడవచ్చునని తెలిసి, గ్రెషాము అంగడివారి కడకు పోయి, వీలైనన్ని కొట్లను సరకులతో నింపి మైనపువత్తులు వెలిగించినచో ఆ యేడు వానికి బాడుగ యక్కరలేదని చెప్పెనట. పిమ్మట ఆ కొట్లకు గిరాకి పెరిగెను. 1579లో అతడు మరణించునప్పటికి వ్రాసిన మరణశాసనము ననుసరించి, భార్యానంతరము ఆ బాడుగలు నగరసభకును వస్త్రవర్తకుల సంఘమునకును చెంది, 1597 మొదలు గ్రెషాము కళాశాలలో పండితోపన్యాసములకు వినియోగపడినవి. ఆ మందిరము 1666లోను మరల 1838లోను కాలి రెండుమారులు తిరిగి కట్టబడినది. ఉపన్యాసములు మాత్రము నేటికిని జరుగుచున్నవి. అంగడి బాడుగతో చదువు నిలుపుట మనవారు క్రొత్తగ కనిపెట్టినది కాదని తెలుపుటకే దీనిని వ్రాసితిమి.

తూర్పుతీరమునుండి తెలుగువారు బ్రతుకుదెరువుకై ఓడలెక్కి పోయిన మలయా, సింగపూరు రేవులలో ఈ కట్టడమే వేరొక రూపము దాల్చినది. 1822లో సింగపూరు పట్టణమును తీర్చుటకై రాఫిల్సు ఇచ్చిన యుత్తరువులలో, ఇటుకతోను పెంకుతోను కట్టు ఇండ్లన్నిటికి ముఖభాగము ఒకే తీరుగ నుండవలెననియు, ప్రతియింటిముందును నిర్ణీతమైన లోతుగల వసారా యుండి వీధి పొడవునను ఎడతెగని కప్పుగల నడకదారిగ నుండవలెననియు గలదు. ‘అయిదడుగుల దారి’ యని జనులు పిలిచినది దీనినే. ఎండకు వానకు కాపుదల. నడచువానికి బండ్ల బెడద లేదు. అంగడివానికి గిరాకి గడపకే వచ్చును. కౌలాలంపూరు 1881లో కాలిపోగా, ఆ పిమ్మట ఆకుల కప్పులు పోయి ఇటుకయు పెంకును వచ్చినప్పుడు ఈ తీరు కట్టడమే అచ్చటను వ్యాపించెను.

ఆ వసారా ఎవ్వరిది? స్థలము యజమానిది, నడక ప్రజలది. ఈ చిక్కు 1888 ఫిబ్రవరిలో ముదిరినది. వసారాలలోని సరకులను తొలగింప మునిసిపాలిటీవారు పూనుకొనగా సింగపూరు అంగడివారు కొట్లు మూసివేసిరి. వీధులలో అల్లరులు చెలరేగెను. తుదకు మనుష్యులు నడచుటకు తగినంత దారి విడిచి మిగిలిన చోట సరకు పెట్టుకొనవచ్చునని రాజీ కుదిరెను. మా యభిప్రాయమున ఆ రాజీ సమంజసమైనదే. వసారా అంగడివాని ఆశకు బొత్తిగ అందకుండ కట్టుట అసాధ్యము.

ఈ అంగడియిండ్లకు దోషములు లేకపోలేదు. వెడల్పు తక్కువ, లోతు మిక్కిలి ఎక్కువ. నడుమ గాలికై వదలిన చిన్న బయలు దప్ప వెలుతురు లేదు. మీది అంతస్తును పలకలతో చీల్చి కిటికీ లేని గదులుగ అద్దెకిచ్చిరి. డాక్టరు సింప్సను 1907 నాటి నివేదికలో ఈ స్థితిని వర్ణించి, ఇండ్ల వెనుక సందులు తీయవలెనని గట్టిగ చెప్పెను. క్షయవ్యాధిని తగ్గించుటకై పుట్టిన ఆ వెనుకసందు నిప్పు పుట్టినప్పుడు రెండవ దారియు నైనది.

మన దేశమునకు వత్తము. పాత తెలుగు పట్టణములలో అంగడి వేరు, ఇల్లు వేరు కాదు. వీధియరుగు మీద వ్యాపారము, లోపల మండువాలో కాపురము. ఇంటికి మీది అంతస్తు తరుచుగ లేదు. తాటాకు కప్పులు వేసవిలో అంటుకొని ఊళ్లకు ఊళ్లు తగులబడుట కలదు గాని, నేలమీది ఇంటినుండి వెలుపలికి పరుగిడుట సులభము. హంపిలో విరూపాక్షాలయము నెదుట తీరియున్న రాతిస్తంభముల మండపములు విజయనగరకాలపు బజారు. ఆ మండపములలోనే 2011లో ఖాళీ చేయించువరకు జనులు కొట్లు పెట్టుకొని కాపురములుండిరి. అవి నిప్పునకు తాళు కట్టడములు; కాని చాలవరకు ఒకే అంతస్తువి. క్రింద సరకు, మీద సంసారము అను పద్ధతి మన పట్టణములలో విరివిగ వ్యాపించినది నేల వెల పెరిగిన తరువాతనే.

యోజనతో కట్టిన అట్టి వీధికి నిదర్శనము హైదరాబాదులోని పత్తర్‌గట్టి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచినపిమ్మట, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకుపేటలను తొలగించి క్రొత్త వీధులు తీసెను. చార్మినారునకు పోవు దారికి ఇరుప్రక్కల నల్లరాతితో ఒకే తీరుగ కమానుల వరుస కట్టి, కమానుల వెనుక కప్పుగల నడకదారి, దాని వెనుక అంగళ్లు, మీద నివాసములు అమర్చిరి. రాతి పేరే వీధికి పేరైనది. నేడు ఆ కమానుల నడుమ సరకు నిండి నడచువాడు బండ్ల మధ్యకు దిగవలసివచ్చుచున్నను, ఆ రాతిపని నిలుకడయు ఆ వరుస యొప్పిదమును అట్లే యున్నవి. ఒక్కొక్క యజమాని తన యిచ్చవచ్చినట్లు ముందునకు జరుగకుండ వీధినంతటిని ఒక్కచేతితో గీసిన ఫలమది.

పత్తర్‌గట్టికి కూతవేటు దూరమున, చార్‌కమాను నడుమ, గుల్జారుహౌజు గలదు. అచ్చట 2025 మే 18వ తేదీ ఆదివారము ఉదయమున ఒక ఇంట నిప్పు పుట్టెను. క్రింద ఆభరణముల అంగళ్లు. మీద ఒక పెద్ద కుటుంబము. లోనికి సొరంగమువంటి ఇరుకైన నడవ. మీదికి సుమారు ఒక మీటరు వెడల్పు గల మెట్లదారి ఒక్కటియే. విద్యుత్తునందలి దోషమే కారణమని అధికారులు తొలుత భావించిరి. 17 మంది మరణించిరి; వారిలో 8 మంది పిల్లలు. పెక్కురిని చంపినది మంట కాదు, పొగ. అంతకుమునుపు 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక వసతిగృహము దిగువనున్న విద్యుత్‌స్కూటర్ల అంగడిలో పుట్టిన నిప్పు పొగగ మారి మెట్లవెంబడి మీదికెక్కి 8 మందిని బలిగొనెను. వాహనము క్రొత్తది, పొగ పట్టిన దారి మాత్రము పుడ్డింగు లేను నాటిదే.

పొగకు మెట్లదారి పొగగొట్టము వంటిది. వేడి గాలి తేలికయై మీదికి లేచును. తెరచియున్న నిలువుదారి ఏది యున్న దానినే పట్టును. మెట్ల ద్వారము అంగడిలోనికి తెరచుకొనినచో, మీదివారు దిగవలసిన దారినే మొదట పొగ ఆక్రమించును. పైగా మన యిండ్లలో రెండు అలవాటులు చేరినవి. మెట్ల క్రింది చోటు వృథాగ పోరాదని విద్యుత్తు మీటర్లను, ఇన్వర్టరు బ్యాటరీలను, అట్టపెట్టెలను అచ్చటనే చేర్చుదురు. దొంగలభయముచేత మీది కిటికీలన్నిటికి ఇనుపకమ్ములు బిగించి, మేడమీది తలుపునకు తాళము వేయుదురు. ఫారినరు కుటుంబము కిటికీగుండ దాటి బ్రతికెనని పైన వ్రాసితిమి. అట్టి కిటికీ నేటి మన బజారు ఇండ్లలో ఎన్నిటికి గలదో చదువరులు తమ తమ యిండ్లలోనే చూచుకొనవచ్చును.

ఇక లెక్క. వీధిముఖము 30 అడుగులున్నదనుకొందము. మూడు మడిగెలు వేసినచో ఒక్కొక్కటి 10 అడుగులు. నాలుగున్నర అడుగులు మెట్లకై వీధివైపుననే విడిచినచో మడిగె ఎనిమిదిన్నర అడుగులగును. గోడల మందము రెండు లెక్కలలోను విడిచితిమి. ఇచ్చట యజమాని మనసు వెనుకకు లాగును. మెట్లను వెనుకకు నెట్టి, మడిగె నడుమనుండియో ప్రక్కసందునుండియో దారి ఇచ్చినచో ముందుభాగమంతయు బాడుగకు వచ్చునుగదా యని మేస్త్రీయు ప్రోత్సహించును. కాని మీది అంతస్తునకు వచ్చు బాడుగను ఈ లెక్కలో చేర్చినవారు అరుదు. తన ద్వారము తనకు లేని మీది భాగమును మంచి కుటుంబము గాని వైద్యుడు గాని న్యాయవాది గాని కోరుట తక్కువ. కొన్నాళ్లకది క్రింది అంగడివాని గిడ్డంగియై ముగియును. గిడ్డంగి బాడుగ కాపురపు బాడుగకు సాటిరాదు. విద్యార్థులకై కట్టుచోట ఈ బేరమే కూడదు. పరుల పిల్లలను మన నమ్మకముమీద వారి తలిదండ్రులు పంపుచున్నారు.

కావున కట్టదలచిన సోదరులకు మా మనవి యిది. మెట్లు వీధిలోనికే తెరచుకొనవలెను. వానికి రెండు ప్రక్కలను తొమ్మిదంగుళముల ఇటుక గోడ కప్పువరకు పోవలెను. అంగడివైపున కిటికీ గాని తలుపు గాని పెట్టరాదు. మెట్ల కొసన పొగ వెలువడు మార్గ ముండవలెను. మేడ తలుపు లోపలినుండి తాళముచెవి లేకుండ తెరచుకొనవలెను. ప్రతి అంతస్తునను ఒక కిటికీ కమ్ములు లోపలినుండి తెరచుటకు వీలుగ అమర్పవలెను. వెనుక సందున్నచో అటువైపు ఇనుపమెట్లు వేయుట మేలు. పిల్లల వసతికైనచో అది మేలు మాత్రమే కాదు, తప్పనిసరి. లిఫ్టు ఉన్నదిగదా యని మెట్లను తగ్గించువారు కలరు. నిప్పు పుట్టినప్పుడు లిఫ్టు నెక్కరాదు. జాతీయ భవననిర్మాణ సంహిత 2016లో సవరింపబడి అందరకు లభ్యమై యున్నది. ప్లాను గీయువానిని దానిని ముందు పెట్టుకొని గీయుమని అడుగుట యజమాని హక్కు.

ముందు వసారా మాట మిగిలినది. స్థలము చిన్నదైనను నాలుగైదు అడుగులు కప్పుతో విడిచినచో ఎండకును వానకును గిరాకి నిలుచును. మురుగుకాలువమీద మెట్లు కట్టి ప్రతి రోడ్డువెడల్పులోను పోగొట్టుకొను బాధ తప్పును. బాడుగ దస్తావేజు వ్రాయించునప్పుడే, వసారాలో మనిషి నడచు దారి విడిచి మిగిలినచోటనే సరకు పెట్టవలెననియు, మెట్లలోను మెట్ల క్రిందను ఏ వస్తువు నుంచరాదనియు, రాత్రివేళ బండ్లకు విద్యుత్తు నెక్కించుట అంగడిలోపల కూడదనియు మూడు షరతులు చేర్పవలెను. అంగడిలో దిగినపిమ్మట ఆ మాట చెప్పినచో అద్దెదారు వినడు. సింగపూరువారు 1888లో కొట్లు మూసినట్లే మూయును.